చింత మొద్దు కాదు

ఆదివారం పొద్దున కొవ్వూరు మార్కెట్లో, బుల్లిరాజు మాంసం కొట్టు దగ్గర సత్యకుమారి సంచిలోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచింది.

“కేజీ కొట్టమంటారా మేడంగారూ? మాష్టారు రాలేదేంటండీ ఇవాళ?”

“కొట్టకు. ముందు ఇదేంటో చెప్పు బుల్లిరాజూ.”

“ఎముక ముక్కండి.”

“మా మావయ్యగారి గొంతులోంచి తీశారు. రాజమండ్రి తీసుకెళ్లి, గొట్టం వేయించి మరీ తీయించాం.”

“అయ్యో! అంటే... ఎముకన్నాక చూసుకుని నమలాలి కదండీ.”

“ఆ నీళ్ల బకెట్టు ఇలా జరుపు. ఇదిగో వేశాను, చూడు. ఎముక ఇలా తేలుతుందా?”

“కర్రంటారా? అయితే మీ చెక్కగరిటె పెచ్చు ఊడిందేమోనండీ.”

“మా ఇంట్లోనూ ఇదే మాట. చుట్టాలందరి ముందూ మా ఆయన, ‘మాంసం కడగడం కూడా రాదు దీనికి’ అన్నారు. వారమైంది, నేను వండింది మావయ్యగారు ముట్టడం లేదు. నా గరిటెలన్నీ స్టీలువి.”

“మేం మాంసం కొట్టే మొద్దు చింతదండి! చింత చేవ ఎంత గట్టిదో మీకు తెలీదు.”

“తెలుసు. నీళ్లలో వేస్తే గుండులా మునుగుతుంది. బల్లకింద మీ పాత మొద్దు పెచ్చుంది, వెయ్యి. మునిగిందా? ఇప్పుడు ఈ కొత్తదాని పెచ్చు వెయ్యి.”

“గిరాకీ టైమండి...”

“వెయ్యి.”

“తేలిందండి.”

“చింతయితే కత్తి దిగినా గాటు పడి ఊరుకుంటుంది. ఇదేమో దెబ్బకో పేడు లేస్తోంది. నెత్తురంతా పీల్చుకుని లోపల కుళ్లుతోంది. గోటితో గీరితే ఈ జిగురేంటి? ఛీ! వాసన చూడు నువ్వే.”

“రోజూ ఉప్పేసి రుద్దుతున్నామండి.”

“మామిడికి ఉప్పేసి ఊరగాయ పెట్టుకో. దానిమీద మాంసం కొట్టకు.”

“మామిడని... కనిపెట్టేశారా? ఏం చెయ్యనండీ, పాతది పగిలిపోయింది. చింత దొరకలేదు. తుమ్మ తెస్తే నెర్రె ఇచ్చింది. వేపయితే చేదెక్కుతుందన్నారు.”

“మామిడి పనికొస్తుందని ఏ బుద్ధిలేనివాడు చెప్పాడు నీకు?”

“వద్దులెండి.”

“ఎవడు?”

“నా మీద పడతారండి మీరు.”

“పడను. కానీ నువ్వు మా ఇంటికొచ్చి, ఆ పేడు నీ మొద్దుదేనని మావయ్యగారికి చెప్పాలి. మొద్దెవరిచ్చారో కూడా చెప్పాలి.”

“మాష్టారేనండి. మీ దొడ్లో పడగొట్టించిన మామిడి చెట్టుదే. అందుకే వారం వారం లివరు ఆయనకి తీసి ఉంచుతున్నాను.”

“మా ఆయనా?”

“ఆయ్.”

“పేడు లేస్తోందని ఆయనకి తెలీదు కదా?”

“నేనే చూపించానండి, మీ చుట్టాలొచ్చిన రోజు పొద్దున్నే. ఇంకో కొట్లో కొట్టించుకోండి మాష్టారూ అన్నాను కూడా.”

“ఏమన్నారు?”

“‘ఏం పర్లేదు కొట్టు, ఇంట్లో మా ఆవిడుందిగా, ఏరుకుంటుంది’ అన్నారండి.”