ఒక్క ఓటుకి పదకొండుగురు

రాజనీతిశాస్త్రం ప్రొఫెసరుగారి ఇంట్లో భోజనాల బల్ల. బల్ల మీద పరిశోధన ప్రణాళిక చిత్తుప్రతి. ఒక పక్క ప్రొఫెసరుగారు, ఎదురుగా ఆయన దగ్గర పరిశోధనకి చేరిన అమ్మాయి. వంటింటికీ బల్లకీ మధ్య ఆయన భార్య. ఆవిడ అదే కాలేజీలో లైబ్రేరియన్.

"అయితే పైలట్‌ని చేసుకున్నావన్నమాట! ఒక్క ముక్క చెప్పలేదేం తల్లీ?"

"చేసుకోలేదు మేడమ్, చేశాను. పైలట్ చేశాను."

"అయ్యో, ఏం చేశావు పాపం అతన్ని?"

"నువ్వుండవోయ్. పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు. అసలు పరిశోధనకి ముందు కొద్దిమందితో చేసి చూసే రిహార్సల్. చూశావా అమ్మాయ్, కుక్కర్ మోతలో మీ మేడమ్‌కి సగం మాటే వినబడుతుంది. మిగతా సగానికి తనే పెళ్ళి చేసేస్తుంది."

"రిహార్సలా! మొన్న లైబ్రరీకొచ్చి ఏవో ప్రశ్నలడిగావే, అదేనా?"

"అదే మేడమ్. సార్, సాయంత్రంలోగా కమిటీకి ఇవ్వాలి. మీ సంతకం పడితే..."

"పడుతుంది. నా సంతకం నాకంటే ముందు నిద్ర లేస్తుంది. విషయమేమిటో చదువు. గట్టిగా."

"'వేయని ఓటు వేశామని జనం ఎందుకు చెబుతారు?'"

"భేష్! ఎందుకు చెబుతారు?"

"సిగ్గు సార్. వేయలేదంటే ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, తామూ చిన్నబోతారు. అది నా ఊహ. దాన్ని తేల్చాలంటే ఫలితం ఖాయంగా తెలిసిన ఎన్నిక ఒకటి కావాలి. జనం చెప్పిన లెక్కని అసలు లెక్క పక్కన పెట్టి చూడాలి. మీరే కదా సార్, స్టాఫ్ సంఘం అధ్యక్ష ఎన్నిక తీసుకోమన్నారు."

"నేను ఓడిపోయిన ఎన్నిక అను. శాస్త్రంలో మొహమాటం పనికిరాదు."

"అదే... ఆ ఎన్నిక."

"నాకెన్ని ఓట్లొచ్చాయి?"

"సార్, అది అందరికీ..."

"చెప్పు. వంటింట్లోకి వినబడాలి."

"ఒకటి."

"ఒకటి! ఓటేమీ లేకపోతే ఓటమి అన్నా ఓ అందం. నాది ఓటు ఉండీ ఓటమి. పోటీ అంటే అర్థం అప్పుడు తెలిసింది. 'పో'యింది నేను, 'టీ' తాగింది వాళ్ళు. ఏమోయ్, ఆ వారమంతా ఎన్ని కప్పులు కడిగావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకండీ. పిల్ల పని చూడండి."

"పిల్ల పనే చూస్తున్నా. రిహార్సల్‌లో ఏం తేలింది?"

"అదే సార్ గమ్మత్తు. మీకొచ్చింది ఒక్క ఓటు. అది మేమే వేశామన్నవాళ్ళు పదకొండు మంది."

"ఒక్క ఓటుకి పదకొండుగురా! క్రికెట్ జట్టు కట్టి నన్ను బంతిని చేస్తే సరిపోతుంది. ఎవరెవరు?"

"పేర్లు చెప్పకూడదు సార్. మాటిచ్చాను."

"వ్యాయామం మాస్టారున్నాడా? నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెయ్యి వదిలాక చూస్తే అవి నా కళ్ళనీళ్ళు."

"సార్, చెప్పకూడదు..."

"క్యాంటీన్ కాంట్రాక్టరు ఉండడులే. వాడికి అసలు ఓటే లేదు."

"ఆయన కూడా వేశాననే అన్నారు సార్. అయ్యో! ఇప్పుడు నేను పేరు చెప్పలేదు కదా?"

"చెప్పలేదు. నువ్వు చాలా గోప్యంగా చెప్పావు. ఊఁ, తర్వాత?"

"సార్! అప్పుడే రెండు పేజీలకి టిక్కులు కొట్టేశారు. ఇంకా చదవలేదు మీరు."

"అలవాటమ్మా. ఎర్ర పెన్ను చేతిలో ఉంటే కాగితం ఖాళీగా ఉండనివ్వదు."

"ఆ అలవాటు నన్నడుగు తల్లీ. మొన్న ఇస్త్రీ చీటీ మీద టిక్కు కొట్టి, 'బాగుంది' అని రాసి, పొడి సంతకం పెట్టారు. ఆ ఇస్త్రీ అతను పొంగిపోయి, కాలర్‌కి రెండుసార్లు ఇస్త్రీ చేసి పంపాడు."

"మా ఆవిడ అన్నగారి కూతురి శుభలేఖకి కూడా రాశాను. 'బాగుంది, అచ్చుతప్పులు చూసుకోవాలి' అని."

"అది వాళ్ళకే తిరిగి పంపారు కూడా!"

"పంపితే తప్పులు దిద్దుకున్నారుగా. చదువమ్మాయ్."

"ఫలితాలు సార్. మీకు ఒకటి. చెల్లనిది ఒకటి. తక్కినవన్నీ ఎకనామిక్స్ సార్‌కి."

"ఆ చెల్లనిది వేసిన దద్దమ్మ ఎవడో! కాలేజీలో పాఠాలు చెబుతాడు, ఓటు వెయ్యడం రాదు. మనిషిని గుర్తుపట్టేలా ఏం రాసినా ఓటు చెల్లదని సంఘం నియమావళిలో రాసిందే నేను. సభలో చదివి వినిపించాను కూడా. వాడు చెవిలో ఏం పెట్టుకున్నాడో!"

"అలా అనకండి. ఎవరో ఏమరుపాటున..."

"ఏమరుపాటు కాదు, ఏబ్రాసితనం! పాపం నాకే వేశాడేమో, రెండయ్యేవి. లెక్కపెట్టింది నువ్వే కదా. ఏం రాశాడు వాడు?"

"కాఫీలో పంచదార సరిపోయిందా?"

"నువ్వింకా కాఫీ ఇవ్వలేదు."

"ఇస్తాను, ఇస్తాను."

"చూశావా అమ్మాయ్, ఆ రోజు నుంచీ ఇంతే. ఎన్నిక మాటెత్తితే వంటింట్లోకి వలస."

"వలసా? ఆ రోజు నుంచీ మొహం ముడుచుకుని తిరుగుతున్నది ఎవరండీ? భోజనానికి పిలిస్తే 'ఊఁ', మంచినీళ్ళిస్తే 'ఊఁ'. ఈ బల్లతో మాట్లాడినంత కూడా నాతో మాట్లాడటం లేదు."

"సార్, మేడమ్, నేను ఇంకోసారి వస్తాను..."

"కూర్చో. సంతకం కావాలా వద్దా? తర్వాతి పేజీ."

"తర్వాత పద్ధతి సార్. నేరుగా అడిగితే జనం మొహమాటపడి అబద్ధం చెబుతారు. అందుకని చేతికి ఒక బిళ్ళ ఇస్తాం. మాకు కనబడకుండా ఎగరేసుకోవాలి. బొమ్మ పడితే నిజంతో పనిలేకుండా 'వేశాను' అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ఫలానా మనిషి వేశాడో లేదో మాకు తెలీదు. కానీ ఎక్కువమందిని అడిగితే, మొత్తం మీద ఎంతమంది వేశారో లెక్క కట్టొచ్చు."

"అంటే మనిషి నిజం చెప్పడానికి ఓ బిళ్ళ చాటు కావాలన్నమాట. బిళ్ళలు పంచే బిళ్ళబంట్రోతులం అయ్యాం. బాగుంది."

"ఇంకొకటి సార్. ఈ ఎన్నికలో ఎవరి ఓటు ఎవరికో ఖాయంగా తెలిసింది ఒక్కటే అని రాశాను. మీది."

"నాదా? నాదెందుకు?"

"ప్రచార సభలో మీరన్నారుగా సార్! 'నా ఓటు నేను వేసుకోను, నా ప్రత్యర్థికే వేస్తాను, ప్రజాస్వామ్యమంటే అదీ' అని. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనైతే మొదటి పేజీలోనే పెట్టుకున్నాను."

"చప్పట్లే కొట్టారు. అవి ఓట్లు కాలేదు."

"నిజమే కదా సార్? ఎకనామిక్స్ సార్‌కే వేశారు కదా?"

"రాశావుగా. రాసింది మళ్ళీ అడుగుతారా ఎవరైనా? పద్ధతి చెప్పు, పద్ధతి."

"సరే సార్. ఇప్పుడు ఒకసారి చేసి చూపిస్తాను. మేడమ్, ఇదిగో బిళ్ళ. కొంగు చాటున ఎగరేయండి."

"నాకెందుకు తల్లీ బిళ్ళ? మొన్న నువ్వడిగినప్పుడే చెప్పానుగా. ఆయనకే వేశాను."

"ఓహో! ఆ పదకొండులో నువ్వూ ఉన్నావన్నమాట."

"ఉన్నాను."

"వ్యాయామం మాస్టారి పక్కన, క్యాంటీన్ కాంట్రాక్టరు పక్కన!"

"ఎవరి పక్కనైతేనేం. వేశాను కనక వేశానన్నాను."

"అబద్ధం."

"ఏమండీ!"

"అబద్ధమే. వాళ్ళు చెబితే నవ్వుకున్నాను. నువ్వు చెబితే నవ్వు రావడం లేదు. వెయ్యకపోతే వెయ్యలేదను. ముప్పై ఏళ్ళుగా నా ఉపన్యాసాలు వింటున్నావు, విసుగొచ్చి వేరేవాళ్ళకి వేశానను, క్షమిస్తాను. ఈ వేశానేమిటి?"

"సార్, ఒక్క నిమిషం. మేడమ్ వెయ్యలేదని మీకెలా తెలుసు?"

"తెలుసు."

"రహస్య ఓటు కదా సార్."

"తెలుసన్నానా!"

"ఉన్నది ఒక్క ఓటే. మేడమ్‌ది కాదని అంత గట్టిగా చెప్పాలంటే, అది ఎవరిదో మీకు ఖాయంగా తెలిసుండాలి. ఖాయంగా తెలియాలంటే... సార్... మీరు..."

"ఆగావేం? చెప్పు. మంచి పరిశోధకురాలివి, మధ్యలో ఆపకూడదు."

"నేను చెప్పలేను సార్."

"నేను చెబుతాను. ఆ బిళ్ళ ఇటు ఇవ్వు. వద్దులే, బొమ్మా వద్దు బొరుసూ వద్దు. నాకు నేనే వేసుకున్నాను. అంత పెద్ద మాట అన్నాను, చప్పట్లు కొట్టించుకున్నాను, తెర వెనక్కి వెళ్ళేసరికి భయమేసింది. సున్నా వస్తుందేమోనని. ఒక్కటి, నా పరువుకి ఒక్కటి చాలనుకున్నాను. సరిగ్గా ఒక్కటే వచ్చింది. అది నాదే."

"సార్..."

"ఇక చూడు నా బతుకు! ఒక్కొక్కడూ వచ్చి 'అది నాదే సార్' అంటుంటే, 'కాదురా వెధవా, నాది' అనలేను. అంటే నేను మాట తప్పానని తెలిసిపోతుంది. థాంక్స్ చెప్పాను, వచ్చినవాళ్ళందరికీ. చివరికి ఇంట్లో కూడా అదే మాట. అన్నం పెట్టే చేత్తో ఓటు వెయ్యలేదని కాదు నా బాధ. వేశానని నా కళ్ళలోకి చూసి చెబుతోందే, అదీ."

"మేడమ్, మీరెందుకు ఏడుస్తున్నారు?"

"ఏడవడం లేదు తల్లీ. ఈ మాట ఎన్నటికీ చెప్పకూడదనుకున్నాను. ఆయనకి సిగ్గని."

"నాకింకా మిగిలిందా సిగ్గు? కానీ, చెప్పు."

"ఇందాకా అడిగారుగా, ఆ చెల్లని ఓటు మీద ఏం రాసుందని."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఓట్లు లెక్కపెడుతుంటే ఎకనామిక్స్ ఆయన నా భుజం మీంచి తొంగి చూస్తున్నాడు. కాగితం విప్పగానే ఎర్ర సిరా. బొటనవేలు అడ్డం పెట్టి, 'చెల్లదు' అని నా నోటితోనే చెప్పి, నా చేత్తోనే పక్కన పడేశాను. మీరు రాసిన నియమమే మరి."

"ఎర్ర సిరా ఏమిటి? నేను... నా పెన్ను..."

"మీ పేరు పక్కన టిక్కు కొట్టి, 'బాగుంది' అని రాసి, కింద పొడి సంతకం పెట్టారండీ. చెల్లనిది మీది. చెల్లిన ఒక్కటీ నాది."