బయట తాళం

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు కిషన్‌బాగ్‌లో నాలా పక్క బస్తీలోకి ఇండ్లు లెక్క రాసేవాళ్లు వచ్చారు. హమాలీ శివయ్య, అతని భార్య సక్కుబాయి ఇంట్లో ఉన్నారు. తలుపుకు బయట తాళం వేసి ఉంది.

"దగ్గకయ్యా."

"దగ్గుతలేను సక్కూ. గొంతుల గరగర."

"గదే దగ్గు. తువ్వాల నోట్ల పెట్టుకో."

"ఎంతదాక వచ్చిండ్రు?"

"డానియేలు ఇంటికాడున్నరు. మేడమొకామె, ఎనక టేపు పట్టుకొని ఒక పిలగాడు. గోడకు ఎర్ర రంగు రాస్తుండ్రు."

"తలుపు సందుల నుంచి కన్ను తియ్యి. కనబడతది."

"నా కన్నేమన్న పిల్లి కన్నా, చీకట్ల మెరవనీకి?"

"లొల్లి చెయ్యకు. కరెంటోళ్లు తీగ కోయనీకి వచ్చినప్పుడు ఏం చేసినం? పక్కింటి కాశమ్మ బయట తాళమేసింది. మనం లోపల సప్పుడు చెయ్యలే. డోర్ లాక్ అని రాసుకొని పోయిండ్రు. ఇప్పుడూ గంతే."

"కరెంటోళ్లు తీగ కోస్తరు. వీళ్లు ఇల్లు కూలగొడ్తరు. రెండూ ఒక్కటేనా?"

"మనిషే దొరకకుంటే నోటీసు ఎవని చేతుల పెడ్తరు? చేతుల పెట్టకుంట కూలగొట్టనీకి లేదు. కాశమ్మనే చెప్పింది."

"మరి కాశమ్మ తన ఇంటికి తాళమేసుకున్నదా?"

"ఆమెకేందో పనుంటది బయట."

"ఏం పని?"

"నాకేమెర్క? నువ్వు మెల్లగ మాట్లాడు."

"ఉస్మాన్‌గంజ్‌ల రెండు బస్తాలు ఒక్కపారి ఎత్తినోనివి. ఇయ్యాల తలుపెనక నక్కినవ్."

"బస్తాకు భయమెందుకు? బస్తా ఇల్లు అడుగదు."

"నాలా వెడల్పు చేస్తే వాన నీళ్లు ఇండ్లల్లకు రావట. మన మంచికేనట. డానియేలు భార్య చెప్పింది."

"మన మంచికి మన ఇల్లే పోవాల్నా? పైన ఫంక్షన్ హాలు కాడ నాలా వంకర తిరుగుతదట. మనకాడికి రాంగనే సీదా అయితదట."

"ఎవరన్నరు?"

"బస్తీ అంతా అంటుంది. నాలాకు ఎర్కనా ఏది గొప్పోళ్ల గోడ, ఏది మన గోడ? గీత గీసినోళ్లకే ఎర్క."

"ష్. వచ్చిండ్రు. పక్కింటికాడికి వచ్చిండ్రు."

"ఊపిరి కూడ మెల్లగ తియ్యి."

"అమ్మా, ఈ ఇల్లు మీదేనా? మీ పేరు చెప్పండి."

"నాదే మేడమ్. కాశమ్మ."

"అయ్యా, ఇన్నవా? కాశమ్మ పేరు చెప్తుంది! మనల్ని దాచిపెట్టి తను పేరు చెప్తుంది!"

"ఇననియ్యి."

"కాశమ్మగారూ, గడప ముందర నిలబడండి, ఫోటో తీస్తాను. ఈ ఫోటో ఉన్నవాళ్లకే కొత్త ఇల్లు. జాగ్రత్తగా వినండి, ఫోటో లేకుంటే ఇల్లు లేదు."

"మేం రెండు కాపురాలం మేడమ్. నా బిడ్డ స్వరూప, అల్లుడు, పిల్లలు అందరం ఈ ఒక్క ఇంట్లనే పడి ఉన్నం. రెండు రాయిండ్రి."

"గడపకు ఒకటేనమ్మా."

"పిల్లలు వంటింట్ల పండుతుండ్రు మేడమ్. ఒక్కపారి లోపలికొచ్చి సూడుండ్రి."

"చూసినా నా చేతుల్లో లేదమ్మా. ఒక గడప, ఒక ఇల్లు. మీ బిడ్డకు వేరే గడప ఉంటే చెప్పండి, రాసుకుంటాను."

"అయ్యా, ఇల్లు ఇస్తరట. ఫోటో దిగినోళ్లకు ఇస్తరట."

"గిట్లనే అంటరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అన్నకూ గిట్లనే అన్నరు. జల్‌పల్లి అవతల రేకుల కింద సచ్చిండు గాని ఇల్లు రాలే."

"ఇయ్యకుంటే ఇయ్యకపోనీ. ఫోటో అన్న దిగుదాం."

"దిగితే దొరికినట్టే. తెల్లారకముందు గంజ్‌ల ఉండాలె నేను. ఊరవతల యాడనో మిద్దె ఇస్తే, ఆ యాళ్లకు ఏ బస్సు తెస్తది నన్ను? ఇల్లుంటది, కూలి ఉండదు."

"ఇల్లూ లేకుంటే?"

"ముందు వీళ్లను పోనియ్యి."

"అడిగింది చెప్పయ్యా. ఇల్లూ లేకుంటే?"

"ఇంటి కాయిదాలున్నయి గదా సక్కూ."

"మన కాయిదాలేవి?"

"కాశమ్మ పెట్టెల ఉన్నయి."

"వానలు పోంగనే తెచ్చుకోమన్న గదా!"

"తెద్దామనే అనుకున్న. వాళ్లది మిద్దె, నీళ్లెక్కవు. సగం బస్తోళ్లవి ఆడనే ఉంటయి. ఎన్నడన్న ఒక్క కాయిదం పోయిందా?"

"పోలే."

"మరి? ఫికర్ చెయ్యకు. మన సంగతి ఆమెనే చెప్తది. నోరున్న మనిషి."

"ఈ పక్కది ఎవరిదండీ? తాళం వేసుంది."

"ఇగో, అడిగిండ్రు. ఇప్పుడు చెప్తది సూడు. మా శివయ్యది మేడమ్, పనికి పోయిండంటది."

"లోపల ఎవరన్నా ఉన్నారా? ఉంటే పలకండి. భయపడకండి."

"పిలుస్తుందయ్యా. మంచిగనే పిలుస్తుంది. పలుకనా?"

"ఆగు. తాళమేసి లోపల ఉన్నమని తెలిస్తే కేసు పెడ్తరు. కాశమ్మను చెప్పనియ్యి."

"ఆమె చెప్తలేదు."

"చెప్తది. ఆగు."

"ఆమె కొంగు ముడి ఇప్పుతుందయ్యా."

"కాశమ్మగారూ, మిమ్మల్నే అడుగుతున్నా. ఇందులో ఎవరూ లేకుంటే ఖాళీ ఇల్లని రాస్తాను. ఖాళీగా ఉన్నవాటిని ముందు తీసేస్తారు. నేను ఇంకో సందుకు పోవాలి."

"ఖాళీ అని రాయకుండ్రి మేడమ్."

"ఇన్నవా? చెప్తదని అన్న గదా."

"ఎవరిదని రాయమంటారు మరి?"

"స్వరూపది. నా బిడ్డది మేడమ్. ఇగో తాళంచెవి."

"ఏమన్నది?"

"స్వరూపది అన్నది."

"గాబరల నోరు జారిందేమో సక్కూ. మన పేరు చెప్పబోయి..."

"బిడ్డ పేరు చెప్పింది, తాళంచెవి సూపించింది! ఇంకెట్ల చెప్పాలె నీకు? తలుపు కొట్టు!"

"కేసు..."

"కేసు గంగల కలువనీ! కొట్టు! మేడమ్! ఓ మేడమ్! లోపలున్నం! ఇది మా ఇల్లు!"

"మేడమ్! నేను శివయ్యను! నేను కట్టిన ఇల్లిది, నా చేతులతోని కట్టిన!"

"అయ్యో, లోపల మనుషులున్నారు! ఏంటిది కాశమ్మగారూ, మనుషులను పెట్టి బయట తాళం వేశారా?"

"నువ్వు చెప్తేనే గదా అక్కా లోపల కూసున్నం! చెప్పు మేడమ్‌కు! నీ బిడ్డ పురుడు పోసిన చేతులివి! కాశక్కా, నీ కాళ్లు మొక్కుత, చెప్పు!"

"ఆగండమ్మా లోపల, ఒక్క నిమిషం. కాశమ్మగారూ, ఎవరు వీళ్లు?"

"కిరాయోళ్లు మేడమ్."