తిరగని బోల్టు

మునిప్రసాద్ చేతిపని మంచిది, నోటిపనే కొంచెం ఎక్కువ. ఈ మాట అన్నది ఎవరో కాదు, ఆయన పెళ్లాం జయంతే. చంద్రగిరి కోటకు పోయే రోడ్డు మీద ఆయన మెకానిక్ షెడ్డు, దాని పక్కనే ఆమె టీకొట్టు. పదకొండేళ్లుగా ఒక కన్ను పాల మీద, ఒక చెవి మొగుడి మాటల మీద వేసి నెట్టుకొస్తోంది. ఏది ఎప్పుడు పొంగుతుందో తెలియదు మరి.

ఆ రోజు పొద్దున ఆమెకు ఆ భయం ఇంకా ఎక్కువగా ఉంది. డ్రైవింగ్ స్కూలు కృపారాణి తన తెల్లకారును నెమ్మదిగా తోలుకొచ్చి షెడ్డులో పెట్టింది. గేర్‌బాక్సును మోసే మౌంటింగ్ బోల్టు ఒకటి ఊడిపోయింది. అది ఎక్కాల్సిన రంధ్రంలో మరలు అరిగి నున్నగా అయిపోయాయి, కొత్త బోల్టు పెట్టి తిప్పినా ఊరికే తిరుగుతుంది తప్ప బిగుసుకోదు. మరుసటి రోజు ఆ కారులోనే ఐదుగురు లైసెన్సు పరీక్షకు పోవాలి.

"సాయంత్రానికి గట్టిగా చేస్తే నా రెండో కారు కూడా నీకే ఇస్తా. లేదంటే బైపాసులో కొత్త వర్క్‌షాపుకు పోతా" అని కృపారాణి తేల్చి చెప్పింది. ఆ వర్క్‌షాపు తెరిచినప్పటి నుంచి ఈ షెడ్డుకు కార్లు రావడం తగ్గింది. రెండు కార్లు ఖాయంగా వస్తే బాగుండునని జయంతి మనసులోనే ఏడుకొండలవాడికి చెప్పుకుంది.

పని కష్టమైంది కాదు. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో బోల్టును పట్టి ఉంచే ఉక్కు స్ప్రింగు ఎక్కించాలి. ఆ స్ప్రింగు తిరుపతి నుంచి బస్సులో రావాలి. అందాకా చేతులు ఖాళీ. మునిప్రసాద్ చేతులు ఖాళీ అయితే నోరు డ్యూటీ ఎక్కుతుంది.

టీకొట్టు బెంచీ మీద కృపారాణి, ఆమెకు ఎదురుగా వేరుశనక్కాయల బండి కుప్పయ్య కూర్చుని ఉన్నారు. "ఒకవేళ స్ప్రింగు రాకపోతే ఏంజేస్తావు?" అని ఆమె అడిగింది. అడగకుండా ఉండాల్సింది.

"స్ప్రింగా మేడమ్? రెండేండ్ల కింద తిరుమల కొండెక్కేటప్పుడు నాకు స్ప్రింగు యాడ దొరికె? పీలేరు గుణశేఖర్ కారది, ఎర్ర కారు. నేను పక్కన కూర్చోనుండాను. సగం కొండకు పోయేసరికి ఇదే బోల్టు, ఇదే మర, పుటుక్కున పాయె. ఎనకాల బస్సులు ఒకటే హారన్లు. ఇంగొకడైతే ఏడ్సేవోడు. నేను కిందికి దూరి ఒక సేత్తో గేర్‌బాక్సు ఎత్తి పట్టుకొని, ఇంగో సేత్తో బోల్టు తిప్పినా."

"ఒంటి సేత్తో ఎత్తినావా?" అన్నాడు కుప్పయ్య.

"రెండోది బోల్టు మీద ఉండాది గదా మామా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? తిప్పతా ఉంటే తిరగతానే ఉండాది. మర లేదు గదా. కొండమీద మర యాడ తెచ్చేది? నా ఏలు సూసుకున్నా. బంగారు ఉంగరం. తీసి పండ్లతో పట్టి లాగితే సేమియా మాదిరి సాగింది. ఆ తీగ బోల్టుకు సుట్టి ఎక్కించి, అర తిప్పు తిప్పినా. అంతే, బిగుసుకునింది."

"ఉంగరం నీ ఏలికే ఉండాదే?"

"ఇది దాని తమ్ముడు మామా."

జయంతి పాలగిన్నె అంచు మీద గరిటెతో గట్టిగా కొట్టింది. ఇంక చాలు అని దానికర్థం. ఆయనకు అది పాటకు తాళం వేసినట్టు వినిపించింది కాబోలు, ఇంకాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు.

"కొండ దిగినాక మద్రాసు నించి ఇంజనీర్లు వచ్చినారు, ఈ బోల్టు సంగతేందో సూస్తామని. పదడుగుల రాడ్డు తగిలించి నలుగురు పట్టినారు. కదల్లా. పదారు మంది పట్టినారు. అప్పుడు తిరిగింది మేడమ్."

"బోల్టా?"

"కారు. బోల్టు ఆడనే ఉండాది, కారు దాని సుట్టూ తిరిగింది, గానుగెద్దు మాదిరి. పీలేరు పక్కకుండే మూతి తిరపతి పక్కకు వచ్చేసె. అప్పటినించి గుణశేఖర్ సన్న సందుల్లో రివర్సే ఎయ్యడు. దిగి, స్పానరు పెట్టి కారును తిప్పుకుంటాడు."

"నా దగ్గరికొచ్చే వాళ్లకు రాంది ఆ రివర్సే" అంది కృపారాణి, నవ్వకుండా.

ఇంక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. "ఆడితో వదిల్నారా? క్రేను తెచ్చినారు. కొక్కెం తగిలించి లాగితే కారు లేసె, కారు కింద రోడ్డు లేసె, రోడ్డు ఎంబడి స్వర్ణముఖి మీద బ్రిడ్జి లేసి నిలబడె. దాని కింద పండుకోనుండే గొర్రెలోడు ఎండ తగిలి లేసి, నా నీడ ఎత్తుకపోయినారని ఒకటే తిట్లు. సాల్లే దించండప్పా అన్నా. పెద్ద ఇంజనీరు నా సెయ్యి పట్టుకొని, నువ్వే ఇప్పు సామీ అన్నాడు. నాకు బిగించేది ఒకటే వచ్చు సార్, ఇప్పేది రాదు అన్నా. ఆ బోల్టు, మేడమ్, నా మనవడి మనవడు వచ్చేదాకా ఊడదు."

కృపారాణి గ్లాసు కింద పెట్టింది. "గుణశేఖర్ అంటే పీలేరులో టైర్ల అంగడి ఆయనేనా?"

"ఆయనే. పోయి అడగండి కావాలంటే."

"అడిగినా. ఉగాదికి ఆయన కారు నేనే కొన్నా. స్కూలుకని తెల్లరంగు ఏయించినా."

ఆమె సంచిలోంచి చేతిరుమాలు మూట తీసి బెంచీ మీద విప్పింది. అందులో ఊడిన బోల్టు ఉంది. దాని చుట్టూ కూల్‌డ్రింకు డబ్బా రేకు ముక్క చుట్టి ఉంది, రేకు మీద సగం నిమ్మకాయ బొమ్మ. "పొద్దున క్లచ్చు వదల్తానే రోడ్డు మీద పడింది. నీ మనవడి మనవడు వచ్చినాడేమో సూడు."

కుప్పయ్య నోట్లో వేరుశనక్కాయ నమలడం ఆపేశాడు. రెండు కార్లూ బైపాసు దారి పట్టినట్టే జయంతికి కనిపించింది. మొగుడు ఆ బోల్టు తీసుకుని నిమ్మకాయను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అది దిష్టికి కట్టినానంటాడేమోనని ఆమె భయం. అనే మనిషే.

"ఆ పొద్దు నా దగ్గర ఏమీ లేదు మేడమ్" అన్నాడు ఆయన మెల్లగా. "దొరికిన డబ్బా కత్తిరించి సుట్టినా, ఇల్లు చేరితే సాలని. మళ్లా రా, సరిగ్గా ఏస్తానని గుణశేఖర్‌కు చెప్పినా. ఆయన రాలా. నేనూ మర్సిపోయినా."

ఇంత చిన్న కథ ఆయన నోట జయంతి ఎప్పుడూ వినలేదు. ఆమెకు మొగుడి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

కృపారాణి చేతిరుమాలు మడిచి సంచిలో పెట్టుకుని, "ఈ మాట ముందే చెప్పుంటే అయిపోయేది గదా. పని కానీ" అంది.

బస్సు వచ్చింది, కండక్టరు పొట్లం అందించాడు. ఆ తర్వాత గంటసేపు మునిప్రసాద్ నోరు విప్పలేదు. టీకొట్టు బోసిపోయింది. రంధ్రం పెద్దదయింది, కొత్త మర పడింది, స్ప్రింగు ఎక్కింది, కొత్త బోల్టు బిగిసింది. ఆయన చేతులు తుడుచుకోగానే కృపారాణి స్పానరు అడిగి తీసుకుంది. చున్నీ నడుముకు కట్టి, కారు కిందికి దూరి, బోల్టును తనే విప్పడం మొదలుపెట్టింది. మొదట మొరాయించింది, తర్వాత ఒక్కో తిప్పుకూ పట్టి పట్టి బయటికి వచ్చింది. మళ్లీ ఎక్కించి చివరిదాకా బిగించి, బయటికొచ్చి దుమ్ము దులుపుకుంది.

"మర బాగుండాది. రెండో కారు ఎల్లుండి తోలుకొస్తా."

సంతోషంలో జయంతి అందరి టీలలోనూ చక్కెర రెండుసార్లు వేసింది. కుప్పయ్య మాత్రం ఇంతసేపూ వేరుశనక్కాయలు పక్కన పెట్టి ముందు చక్రం దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"బోల్టే తిరిగింది గదరా మునిప్రసాదూ" అన్నాడు దిగులుగా. "కారు తిరగలా."