కొమ్ములు దించే రోజు

ఏంట్రా ఎజ్రా, కన్నతల్లి గుమ్మంలోకొస్తే కూర్చోమనైనా అనవా? సర్లే, నేనే కూర్చుంటా. ఈ ఇల్లు నీదేం కాదుగా, నీ పెళ్ళాం రోడాది. ఆవిడ రమ్మంది, వచ్చాను.

బయట బండి దగ్గర ఎవరున్నారో చూశావా? సైలస్ మామయ్య. మన యుద్ధనాయకుడు. వానలో తడుస్తున్నాడు, లోపలికి రమ్మంటే రాడు. "ముందు తల్లీకొడుకులు మాట్లాడుకోండక్కా" అన్నాడు. ఆయనెందుకొచ్చాడో నీకు నేను చెప్పాలా?

మొదటిసారి నేనొక్కదాన్నే వచ్చాను. మన మీద పెత్తనానికి సర్కారు పంపిన ఆ ఏజెంటు దొర గుమ్మం తొక్కొద్దురా అన్నాను. రెండోసారి మన ఇంటి పెద్దల్ని వెంటబెట్టుకొచ్చి మళ్ళీ అదే చెప్పాను. ఊఁ అన్నావు. మూడోసారి వచ్చేది చెప్పడానికి కాదురా. నాయకుడివని నీ నెత్తిన పెట్టిన జింక కొమ్ములు దించడానికి.

"నీకేమన్నా కొమ్ములున్నాయా?" అని ఎవడన్నా వెక్కిరిస్తే, "ఉన్నాయి, మా అమ్మ పెట్టింది" అని నవ్వేవాడివి. గుర్తుందా?

మన తాబేలు వంశం ఇంటి ఆడవాళ్ళందరం కూర్చుని నిన్నెంచాం. మాటకారివనా? కాదు. వేటలో కొట్టిన జింకలో మంచి ముక్క ఎవరింటికి పంపుతావో చూసి ఎంచాం. నాయకుడన్నవాడు ఊళ్ళో అందరికంటే బీదవాడై ఉండాలి. మరి ఆ దొర? రాతిమేడ, మేలిజాతి గుర్రాలు, తలుపేసుకుని తినడం! వాణ్ణి పెట్టిందెవరయ్యా అంటే సముద్రం అవతల రాజట.

నేనొకసారి అడిగాను వాణ్ణి. "మీ రాజు తప్పు చేస్తే వాళ్ళమ్మ దించుతుందా?" అని. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ముసలమ్మా, రాజుని ఎవరూ దించరు" అన్నాడు. దించడానికి వీల్లేని మనిషిని నెత్తిన పెట్టుకుని వీళ్ళకి నిద్రెలా పడుతుందిరా?

ఏంటీ? మన సభ మూసేసి దొర పెట్టే కొత్త సభలోనూ మనవాళ్ళే ఉంటారా? ఉంటారు, ఎందుకుండరు! చేతులెత్తించి లెక్కపెడతారట కదా. ఒక్క చెయ్యి ఎక్కువైతే చాలు, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. ఈ గ్రాండ్ నది ఒడ్డున ఆరు జాతుల పెద్దలూ ఎన్నడైనా అలా చేశారా? అందరూ ఒక్క మాట మీదికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉండేవాళ్ళు. విసుగే, కాదనను. మీ నాన్నైతే సభలోనే గురక పెట్టేవాడు, నేను వెనకనుంచి వేలితో పొడిచేదాన్ని. కానీ సభ నుంచి ఓడిపోయి ఇంటికెళ్ళినవాడంటూ ఒక్కడూ లేడు.

ఆడవాళ్ళకి ఓటు లేదట! నిన్ను కన్నదాన్ని, నిన్ను ఎంచినదాన్ని. రేపటినుంచి నేను ఆ గదిలోకి వెళ్ళాలంటే టీ పళ్ళెం పట్టుకుని వెళ్ళాలి కాబోలు.

పోనీ, అదంతా వదిలెయ్. సభ ఇంటి తాళంచెవి నీ చేతిలో పెట్టాం. నమ్మి పెట్టాం. పోలీసులొస్తే నువ్వే తలుపు తీశావంటున్నారు. అబద్ధమని చెప్పరా. పోనీ, తుపాకీ గుండెకానించారని చెప్పు. ఏదో ఒకటి చెప్పు!



సభ ఇంట్లో దాచిన గవ్వపూసల పటకాలన్నీ పట్టుకుపోయారు. మన తాతలు ఒకరికొకరు ఇచ్చుకున్న మాటలురా అవి. చేత్తో పట్టుకుని నలుగురిలో వినిపించే మాటలు. వాటిని గోనెసంచిలో బంగాళాదుంపలు కుక్కినట్టు కుక్కారట. సంచి మూతి పట్టుకుంది నువ్వట. సైలస్ కళ్ళారా చూశాడు. నాకు చెబుతూ చెబుతూ భోరుమన్నాడు. ఆ పెద్దాయన ఏడుస్తుంటే నేనెటు చూడాలో నాకు తెలీలేదు.

అమ్ముడుపోయాడని ఊరంతా అంటోంది. నేననను. ఎందుకు తీశావో నాకు తెలుసు. లోపలి గదిలో ఆ దగ్గు వినపడుతూనే ఉందిగా.

తబిత. నీ కూతురే గానీ, మన లెక్కలో నా ఇంటిది కాదు, వాళ్ళమ్మలాగా ఎలుగుబంటి ఇంటిది. అయితే మాత్రం? నా పక్కన కూర్చుని మొక్కజొన్న కంకులొలుస్తున్న పిల్లని, వాళ్ళ బడికి పంపట్లేదని దొర మనుషులు బండిలో ఎత్తుకుపోయారు. నేను చక్రం పట్టుకుని వేలాడాను. ఇదిగో, ఈ వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు.

"తలుపు తియ్యి, నీ పిల్లని పంపిస్తా" అన్నాడు దొర. అంతేనా బేరం? ...ఊఁ. అనుకున్నాను.

పంపించాడులే, మాట తప్పలేదు. మొన్న అది బండి దిగగానే పరుగెత్తాను. ఆ జడలన్నీ కత్తిరించేశారు. తల నిమురుదామని చెయ్యెత్తానో లేదో, రెండు చేతులూ నెత్తికి అడ్డం పెట్టుకుని చక్రం పక్కన ముడుచుకుపోయింది! ఒరేయ్, మన ఇళ్ళల్లో పిల్లల్ని కొట్టడం ఎక్కడుందిరా? మరీ మారాం చేస్తే మొహాన నాలుగు నీళ్ళు చిలకరిస్తాం, మళ్ళీ మనమే తుడుస్తాం. అవ్వా అని పిలవలేదు నన్ను. వాళ్ళ భాషలో క్షమించమంది. దేనికిరా? అది చేసిన తప్పేంటి? రొట్టె పెడితే సగం తిని, సగం గౌనులో దాచుకుంది.

ఇదంతా చూసి కూడా దించుతావా అమ్మా అంటావు. నువ్వు తల్లివి కాదా అంటావు. తల్లిని కాబట్టే నాకీ ఖర్మ! పరాయిదాన్నైతే నీ గుమ్మం ముందు ఉమ్మేసి పోయేదాన్ని.

సైలస్ మనవడు కూడా ఆ బడిలోనే ఉన్నాడు. తెలుసుగా నీకు? మరి ఆయన దగ్గర తాళంచెవి లేదే! ఆయన ఏ తలుపు తెరిచి తెచ్చుకోవాలిరా వాణ్ణి?

...

లే నాయనా. ఆ కొమ్ముల టోపీ పట్రా. పసివాడిలా ఏడవకు, లోపల రోడా వింటోంది. ఇటియ్యి. వదులు, వేళ్ళు వదులు. ఊఁ.

రేపటినుంచి సభలో నీ మాటకి చెవి ఉండదు. అన్నం మాత్రం ఉంటుంది, మా ఇంటికొచ్చి తిను.

ఆగు. సైలస్‌ని పిలిచేలోపు ఒక్క మాట. ఆయన చెవిన పడకూడదు.

మొన్న తబిత దిగేటప్పటికే నాకంతా తెలుసు. నువ్వు తలుపు తీశావనీ తెలుసు, పటకాలు పోయాయనీ తెలుసు. అయినా ఆ పిల్ల కాలు నేలమీద పెట్టగానే నాకేమనిపించిందో చెప్పనా? పోతే పోనీ అనిపించింది. మాటలు పోనీ, సభ పోనీ, ఆరు జాతులూ ఏ గంగలోనైనా దూకనీ, నా బంగారం ఇంటికొచ్చింది, అది చాలు అనుకున్నాను. నేనేరా, నీ కొమ్ములు దించడానికొచ్చిన ఈ ముండనే!

మరి నన్నెవరు దించాలి?

మొహం తుడుచుకో.

సైలస్! రావయ్యా లోపలికి. అయిపోయింది.