శెనక్కాయలు ఒలిచిన వేలు

బెళుగుప్ప కంప్యూటరు సెంటరులో కూతురి పక్కన కూర్చున్న తల్లి, ఏళ్ల తరబడి వేరుశనక్కాయలు ఒలిచిన బొటనవేలితో మీట నొక్కింది. తెర నిండా ఒకే అక్షరం బారులు తీరింది.

“అట్ల అదిమి పట్టుకోవద్దు మా. ఇదేమన్నా శెనక్కాయా?”

“నా చేతికి ఇంగ వేరే పని రాదులే పాపా. పోదాం పద.”

“సోమవారం నేను హాస్టలుకు పోతాండా. నువ్వు నేర్చుకోకపోతే నాకు మెయిలు ఎవురు పంపుతారు?”

“మెత్తగా నొక్కేది నాకు చేతకాదే.”

“నాకు జొరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తావు సూడు, అట్ల.”

తల్లి అలాగే తాకింది. ఒకే ఒక్క అక్షరం పడింది. ఆమె తన వేలిని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది.

“ఆడ జొరమొస్తే ఎవురు చూస్తారే నిన్ను?”

“అదే రాయి మా. మొదటి మెయిలు.”