ఏ గోడ పక్కన

డెట్రాయిట్, 1970 చలికాలం. బడిపిల్లలకు నల్లజాతి ఉద్యమం పెట్టే ఉచిత ఫలహారం వడ్డించి వచ్చిన కొడుకు నల్లకోటైనా విప్పలేదు. తల్లి మొక్కజొన్న రొట్టె ముందు పెట్టింది.

"తిను నాయనా."

"సయించట్లేదమ్మా. మొన్న పోలీసులు బయట నిలబడి కాల్చినా, గుళ్ళన్నీ సరిగ్గా మా నాయకుడి మంచంలోనే దిగాయి. మాలోనే ఎవడో ఆనుపానులు చెప్పాడు."

"ఏ కడుపు కాలినవాడో. మీ అందరిలో ఆ ఓడెల్ ఒక్కడే బుద్ధిమంతుడు. నిన్నొచ్చి, కిటికీలోంచి చలిగాలి కొడుతోందేమో, మీవాడి మంచం ఏ గోడ పక్కనుందని అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"తీసుకెళ్ళి చూపించాను. రొట్టె కూడా పెట్టి పంపాను."

కొడుకు లేచాడు.

"రా అమ్మా, ఓ చెయ్యి వెయ్యి. మంచాలు జరుపుదాం."

ఆమె అతని వెనకే గదిలోకి నడిచింది.

"నీదేనా?"

"ముందు చెల్లిది. ఆ గోడకి నాకన్నా దగ్గరగా పడుకునేది అదే."