టెలిగ్రాంలో కొట్టిన సీరియస్

హలో… ఆ, నేనే అన్నయ్యగారూ, మాణిక్యాన్ని. పూర్ణ రూమ్మేట్‌ని… ఢిల్లీయే, ఢిల్లీయే… కాస్త గట్టిగా మాట్లాడండి, తణుకు లైను సగమే వినిపిస్తోంది…

టెలిగ్రాం అందిందా? … నిన్న సాయంత్రం నేనే కొట్టాను. 'పూర్ణ సీరియస్, వెంటనే బయల్దేరండి' అని. కామెర్లు ముదిరాయి, హాస్పిటల్లో చేర్చాం…

అయ్యో, ఏడవకండి… కాదు… కాదండీ! మనవాళ్లు మనిషి పోయాక కూడా సీరియస్ అనే కొడతారు, నాకు తెలుసు. … మీ నాన్నగారప్పుడూ అంతేనా? …

ఇది ఆ సీరియస్ కాదు. డాక్టర్ చెప్పే సీరియస్. … అంటే… ఒట్టి సీరియస్.

ఈ ముక్క ఇంగ్లీషువాడు ఎందుకు కనిపెట్టాడో! పాలిటెక్నిక్‌లో మా సారు నాకు సీరియస్‌నెస్ లేదనేవాడు. ఇక్కడ కంప్యూటర్ ఆగిపోతే మా బాసుకి సీరియస్. నేను లీవడిగితే 'ఆర్ యూ సీరియస్' అంటాడు. మీ ఉత్తరం లేటైతే మా పూర్ణ మొహం సీరియస్… ఆ, నవ్వండి, పర్లేదు…

ఒక్క నిమిషం అన్నయ్యగారూ, లైన్లోనే ఉండండి—

—లేదు రాజేశ్వరమ్మగారూ, ఇంకా చెప్పలేదు. పొద్దున పోయిందని… ఎలా చెప్పనండీ? రెండ్రోజులు రైల్లో ఒక్కరే కూర్చుని రావాలి ఆయన. … తప్పని నాకూ తెలుసు. … రిసీవర్ మూసే ఉంచాను, వినపడదు—

హలో. … ఎవరూ కాదండీ, మా సెక్షన్లో ఆంటీ.

… తిందా అంటే… రెండు చెంచాలు గ్లూకోజు నీళ్లు తాగింది. … ఆ, మాట్లాడింది. పాపకి జడలు ఎవరేస్తున్నారని అడిగింది. … అవునా? మీరేనా! వంకరగా వేస్తున్నారని తెలిస్తే తిట్టేది… తిడుతుంది.

అచ్ఛా… ఇవాళే బయల్దేరతారా? బెజవాడ వెళ్లి జీటీ ఎక్కుతారా… సరే. స్టేషన్‌కి నేనొస్తాను.

ఏంటీ? … పాపనా? … పక్కింట్లో వదిలేసి వస్తారా?

వద్దు అన్నయ్యగారూ. తీసుకురండి. … రెండో క్లాసు పరీక్షలేగా! పోతే పోయాయి…

… అంటుకోదండీ… పిల్లల్ని లోపలికి రానిస్తారు… రానివ్వరు… అబ్బా, అదంతా నేను చూసుకుంటాను, మీరు తీసుకురండి అంతే!

… నయమయ్యాక కాదు. ఇప్పుడే.

… ఎందుకంటే…

… అన్నయ్యగారూ, వాళ్లమ్మని పాప చూడాలి.

…

… ఆ.

… పొద్దున. … నిద్రలోనే. పక్కనే ఉన్నాను. చెయ్యి నా చేతిలోనే ఉంది…

… లేదు, మీరొచ్చేదాకా ఏమీ చెయ్యం. ఐసు పెట్టించాం. ఆఫీసువాళ్లంతా అక్కడే ఉన్నారు.

హలో? … ఉన్నారా? … అన్నయ్యగారూ?

… పక్కనే ఉందా? … అయితే ముందు ఆ మొహం తుడుచుకోండి. … దానికేం చెప్తారు?

… సరే. జ్వరం. … స్టేషన్లో నేనూ జ్వరమనే అంటాను.

… ఇవ్వండి. … బుజ్జీ! … ఆ, మాణిక్యం ఆంటీనే. … రైలెక్కి వచ్చేస్తున్నావంటగా! … కిటికీ పక్కనే కూర్చుందువుగాని. … అమ్మా? … అమ్మ పడుకుంది నాన్నా. … లేపకూడదమ్మా…

ఆపరేటర్, ఇంకో మూడు నిమిషాలు— భయ్యా, కాటియే మత్— బుజ్జీ? … హలో?